ముట్టు గుడ్డకూ ఒక చరిత్ర ఉంది (వాడ చరిత్ర – 11)



పోయిన భాగంలో మగ్గం గురించి రాశాను. రేగడి నేలల పత్తితో ముతక బట్ట నేసిన మాలల గురించి, మిల్లు బట్ట వచ్చి ఆ మగ్గాలు మూలన పడడం గురించి. అది చదివి పులివెందుల నుంచి ఒక చెల్లెలు ఇలా రాసింది: "అక్కా, నేసింది మనోళ్లే కదా. మరి మా అవ్వకు ముట్టు గుడ్డకు పాత చీర పేలిక కూడా దొరికేది కాదంట. ఎందుకు?"

అదే వారంలో కాలేజీలో ఒక పిల్ల నా దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మేడం, పొద్దున ఏడుకు పెట్టుకున్న ప్యాడ్ సాయంత్రం ఇంటికి పోయినాక తీస్తా. ఒకటే మంట, దురద. ప్యాడ్లు మంచివి కాదంట, గుడ్డే పెట్టుకో అంటాంది మా అమ్మ. ఏది మంచిది మేడం?" అని అడిగింది. మధ్యలో ఎందుకు మార్చుకోవడం లేదు అన్నాను. "బాత్రూంలో నీళ్లు రావు మేడం. గడియ కూడా పడదు" అంది.

ఒకటి చరిత్ర అడిగిన ప్రశ్న, ఇంకొకటి ఆరోగ్యం అడిగిన ప్రశ్న. రెండూ ఒకటేనని నాకు అనిపించింది. గుడ్డా, ప్యాడా అన్నది తర్వాతి మాట. ఏది వాడినా దాన్ని క్షేమంగా వాడాలంటే నీళ్లు కావాలి, ఎండ కావాలి, గడియ పడే తలుపు కావాలి, మార్చుకోవడానికి పని మధ్యలో పది నిమిషాలు కావాలి. ఈ నాలుగూ ఎవరికి దక్కాలో, ఎవరికి దక్కకూడదో మన దేశంలో చాలాకాలం కులమే తేల్చింది. ఈ భాగం దాని గురించే.

*

మొదట బట్ట సంగతి.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పక్క రేగడి పత్తికి పెట్టింది పేరు. ప్రొద్దుటూరును రెండో బొంబాయి అని జనం అనడంలో బంగారం అంగళ్లు ఎంత ఉన్నాయో, పత్తి, బట్టల వ్యాపారం అంత ఉంది. ఆ చేలల్లో కలుపు తీసింది, పత్తి ఏరింది మాల మాదిగ ఆడవాళ్లు. ముతక బట్ట నేయడం మాలల పని అని బ్రిటిష్ కాలపు రాతలన్నీ చెప్తాయి. మా జేజి వాళ్ల నాయన కూడా మగ్గం మీద కూర్చున్నవాడే.

మరి ఆ ఇంట్లో పేలికకు కరువెందుకు? నేసిన బట్ట సంతకు పోతుంది. ఒంటి మీద ఒక కోక, దండెం మీద ఒక కోక ఉంటే అదే గొప్ప. కోక చినిగితే కుట్టుకుంటారు, ఇంకా చినిగితే బొంతలో వేస్తారు, అప్పటికీ మిగిలితే పసిబిడ్డకు పొత్తిగుడ్డ. ముట్టు గుడ్డ వంతు అన్నిటికన్నా చివర వస్తుంది. "రెండు పేలికలు పాపా. ఒకటి ఒంటి మీద, ఒకటి దాపులో. ఆరినా ఆరకున్నా అదే మళ్లా" అనేది మా జేజి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పాత నూలు బట్ట ముట్టుకు చెడ్డది కాదు. బాగా వాడి మెత్తబడిన నూలు తడిని పీలుస్తుంది, గాలి ఆడనిస్తుంది. పాలిస్టర్ చీరలు చవగ్గా వచ్చాక కూలి ఇళ్లలో పాత నూలు చీరలే తగ్గిపోయాయి. పాలిస్టర్ పేలిక తడిని పీల్చదు, తొడలు ఒరుసుకుపోతాయి. మా అమ్మల తరం పడిన బాధ ఇది. దాన్ని కూడా "గుడ్డ వాడితే ఇంతే" అని గుడ్డ మీదకే నెట్టారు.

*

రెండోది మైల సంగతి.

తైత్తిరీయ సంహితలో ఒక కథ ఉంది. ఇంద్రుడు విశ్వరూపుణ్ణి చంపి బ్రహ్మహత్య మూటగట్టుకుంటాడు. ఆ పాపంలో మూడో వంతు ఆడవాళ్లు తీసుకున్నారట, అదే నెలనెలా కనిపిస్తుందట. మనుస్మృతి అయిదో అధ్యాయంలో తాకితే స్నానం చేయాల్సినవాళ్ల వరస ఒకటి ఉంది. చండాలుడు, ముట్టయిన స్త్రీ, పతితుడు, బాలింత, శవం. అందరూ ఒకే వరసలో. మనల్ని, ముట్టయిన ఆడమనిషిని ఒకే గాటన కట్టిన రాత అది. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ ఆ పుస్తకాన్ని ఎందుకు తగలబెట్టించాడో ఆడవాళ్లకు రెండింతలు అర్థం కావాలి.

కానీ ఒక తేడా ఉంది. పెద్దకులం ఆడమనిషికి ఆ అంటు మూడు రోజులు. నాలుగో రోజు తలస్నానంతో పోతుంది. ఆమె విడిచిన మైల బట్ట మాత్రం చాకలి ఆడమనిషి చేతికి పోతుంది. ఒకరి ముట్టు ఇంకొకరి కులవృత్తి అయిన దేశం మనది. ఊరి చాకలి మాల మాదిగ వాడలకు ఉతకడు. కాబట్టి మన ఆడవాళ్లు తమ గుడ్డ తామే ఉతుక్కున్నారు. అది అవమానం కాదు, ఎవరి గుడ్డ వాళ్లు ఉతుక్కోవడమే న్యాయం. ఉతుక్కోవడానికి నీళ్లు లేకపోవడమే అన్యాయం.

వాడలో మూడు రోజులు మూల కూర్చోబెట్టేంత తీరిక కూడా లేదు. ముట్టయినా కలుపుకు పోవాల్సిందే, కట్టెలకు పోవాల్సిందే. మన వాడల్లో ఈ పట్టింపు అసలే లేదు అని కొందరు మిత్రులు గొప్పగా రాస్తుంటారు. నేను ఒప్పుకోను. దేవుడి గూటి దగ్గరికి రానివ్వకపోవడం, ఊరగాయ జాడీ ముట్టనివ్వకపోవడం మన ఇళ్లలోకీ వచ్చాయి. ఊరు మనల్ని అంటరానివాళ్లను చేసింది, మనం మన ఆడపిల్లను చేశాం.

*

మూడోది నీళ్ల సంగతి. అసలు కీలకం ఇక్కడే ఉంది.

ఊరి బావిలో మన చేద పడకూడదు. ఎవరైనా పోస్తే కడవలోకి తీసుకోవాలి. ఎండాకాలంలో పెన్న ఎండితే ఇసుకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్లను చిప్పతో తోడుకోవాలి. అలా తెచ్చిన కడవెడు నీళ్లు తాగడానికా, వంటకా, ముట్టు గుడ్డకా? 1927 మార్చి 20న మహద్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టిన పోరాటాన్ని మనం తాగే నీళ్ల పోరాటంగానే చదువుతాం. ఉతుక్కునే నీళ్లు, కడుక్కునే నీళ్లు కూడా ఆ దోసిట్లో ఉన్నాయి. మద్రాసు రాష్ట్రంలో 1938లోనే బావులూ చెరువులూ అందరివీ అని చట్టం వచ్చింది. 1950లో రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్నే రద్దు చేసింది, 1955లో దానికి శిక్షల చట్టమూ వచ్చింది. కాగితం మీద నీళ్లు వచ్చినంత తొందరగా కడవలోకి రాలేదు.

నీళ్లు చాలక సగం ఉతికిన గుడ్డను ఎక్కడ ఆరేస్తారు? మగవాళ్ల కంట పడకూడదు. కాబట్టి బోద కప్పు సందున, గాటిపాడు మూలన, చీర కింద ఇంకో చీర చాటున. ఎండ తగలదు, తడి ఆరదు. క్రిమికి కావలసిందే ఆ తడి.

ఒడిశాలో భువనేశ్వర్, రూర్కెలా ఆస్పత్రులకు వచ్చిన ఆడవాళ్ల మీద జరిపిన ఒక పరిశోధన 2015లో అచ్చయింది. వాడి పారేసే ప్యాడ్లు పెట్టుకునేవాళ్లకన్నా, ఉతికి మళ్లీ వాడే గుడ్డ పెట్టుకునేవాళ్లలో జననాంగాల ఇన్‌ఫెక్షన్ లక్షణాలు ఎక్కువ కనిపించాయి. ఆ తర్వాత అక్కడే చేసిన పరిశోధన ఇంకా లోపలికి పోయింది. గుడ్డను ఇంటి లోపల ఆరేయడానికీ, ఒక రకం ఫంగస్‌కీ సంబంధం ఉందని చూపింది. అంటే దోషం నూలుది కాదు. చీకటిది, తడిది, దాపుది.

*

మైల అంటే పాపం కాదు, కంటికి కనిపించని క్రిమి అనే మాట లోకానికి తెలిసి ఎక్కువ కాలం కాలేదు. జోసెఫ్ లిస్టర్ 1867లో గాయాలకు క్రిమినాశక మందు వాడి చూపించాడు. 1890ల్లో లండన్ మిషనరీ సొసైటీ వైద్యులు జమ్మలమడుగులో పని మొదలుపెట్టారు. ఇవాళ మనం క్యాంబెల్ ఆస్పత్రి అంటున్నది అదే. ఆ మిషన్‌లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాలలు. దాదాపు అదే కాలంలో, 1896లో, అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ వాడి పారేసే ముట్టు ప్యాడ్‌ను అమ్మకానికి పెట్టింది. దానికి లిస్టర్ పేరే పెట్టింది. బయట చెప్పుకోలేని వస్తువు, అడిగి కొనలేని వస్తువు కాబట్టి అది సాగలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాల కట్టుకు చెక్క గుజ్జుతో చేసిన దూది వాడారు. అది పత్తికన్నా ఎక్కువ పీలుస్తుంది. యుద్ధ ఆస్పత్రుల్లో నర్సులు దాన్ని తమ ముట్టుకు వాడుకున్నారు. యుద్ధం అయ్యాక అదే సరుకును కింబర్లీ క్లార్క్ కంపెనీ 1920లో కోటెక్స్ అనే పేరుతో అమ్మింది. ప్యాడ్ అలా ఆడవాళ్ల సొంత ఆలోచనలోంచి పుట్టింది.

ఇంకో పేరు మనం గుర్తుపెట్టుకోవాలి. మేరీ బియాట్రిస్ కెనర్. నల్లజాతి అమెరికన్. ప్యాడ్ జారకుండా, తడి బయటికి రాకుండా పట్టి ఉంచే నడుము పట్టీ కనిపెట్టి 1956లో పేటెంట్ తీసుకుంది. ఒక కంపెనీ కొంటామని ఆమె దగ్గరికి మనిషిని పంపింది. ఆమె నల్లమనిషి అని తెలిశాక వెనక్కి పోయింది. మన మగ్గం కథ, ఆమె పట్టీ కథ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. చేతి పని కావాలి, ఆ చేయి మాత్రం వద్దు.

మూడో కథ 1980ది. అమెరికాలో ఒక్కసారిగా కొందరు ఆడవాళ్లకు తీవ్రమైన జ్వరం, వాంతులు, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు, రక్తపోటు పడిపోవడం. కొందరు చనిపోయారు. టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అన్నారు. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా విడిచే విషం కారణం. ఎక్కువ పీల్చే టాంపన్లను ఎక్కువసేపు లోపల ఉంచుకోవడంతో దానికి సంబంధం దొరికింది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ తన రిలై టాంపన్లను ఆ సెప్టెంబర్‌లో వెనక్కి తీసుకుంది. ఎంత పీలుస్తుంది అన్నదే గొప్ప కాదని, ఎంతసేపు ఉంచాం అన్నది ప్రాణం మీదికి తెస్తుందని లోకానికి అప్పుడు అర్థమైంది.

*

ఇక మన కాలం.

2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ప్యాడ్ మీద 12 శాతం పన్ను వేశారు. ఆడవాళ్లు దేశమంతా కొట్లాడితే 2018 జులైలో తీసేశారు. జన్ ఔషధి దుకాణాల్లో 2019 నుంచి సువిధ ప్యాడ్ ఒక్క రూపాయి. మన రాష్ట్రంలో 2021 అక్టోబర్‌లో 'స్వేచ్ఛ' కార్యక్రమం మొదలైంది. ప్రభుత్వ విద్యాసంస్థల్లో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఉచితం అన్నారు. ఇవన్నీ అవసరమైనవే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–24 ఏళ్ల ఆడవాళ్లలో 64 శాతం ప్యాడ్లు వాడుతున్నారు, 50 శాతం గుడ్డ వాడుతున్నారు. రెండూ కలిపితే నూరు దాటిందేమని అనుకోవద్దు. చాలామంది రెండూ వాడతారు. బయటికి పోతే ప్యాడ్, ఇంట్లో గుడ్డ. డబ్బు ఉన్న నెల ప్యాడ్, లేని నెల గుడ్డ.

ప్యాడ్ చేతికి వచ్చింది. మార్చుకునే చోటు వచ్చిందా?

పులివెందుల పక్క చీనీ తోటల్లో, అరటి తోటల్లో పొద్దున ఆటో ఎక్కిన కూలి సాయంత్రం దిగుతుంది. తోటలో మరుగుదొడ్డి ఉండదు, కంపచెట్ల చాటే దిక్కు. జమ్మలమడుగు పక్క నాపరాళ్ల గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో దుమ్ము చేతులతో మార్చుకోవాలి. ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో చీరలు పరిచి చూపించే అమ్మాయి పొద్దస్తమానం నిలబడాలి, బయటికి పోతే ఓనర్ గడియారం చూస్తాడు. ముగ్గురూ పెట్టుకున్నది ఒకటే ప్యాడ్, ఒకటే కంపెనీ. ముగ్గురికీ అది పదీ పన్నెండు గంటలు ఒంటి మీదే.

ఇప్పటి ప్యాడ్‌లో తడిని గట్టిగా పట్టుకునే జెల్ ఉంటుంది. అందుకే పైన పొడిగా అనిపిస్తుంది. పొడిగా ఉందంటే శుభ్రంగా ఉందని కాదు. ఆ భ్రమలోనే మన పిల్లలు పొద్దంతా ఉంచుకుంటున్నారు.

*

అందుకని కాలేజీలో ఆ పిల్లకు చెప్పినవే ఇక్కడా రాస్తున్నాను. ఇంట్లో ఆడవాళ్లకు చదివి వినిపించండి. మగవాళ్లూ చదవండి.

1. ప్యాడ్‌ను నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి మార్చాలి. తక్కువ అయినా సరే మార్చాలి. నీళ్లు లేవని మార్చడం మానొద్దు. చిన్న సీసాలో నీళ్లు, ఒక మెత్తని నూలు గుడ్డ సంచిలో పెట్టుకోండి. తుడిస్తే ముందు నుంచి వెనక్కే తుడవాలి. వెనక నుంచి ముందుకు తుడిస్తే మలద్వారం దగ్గరి క్రిములు ముందుకు వస్తాయి.

2. మార్చుకున్నాకనే కాదు, మార్చుకునే ముందు కూడా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గనిలో, చేలో పనిచేసే చేతులకు ఇది ఇంకా ముఖ్యం. మందు కొట్టిన చేలో పని చేసిన రోజు దీన్ని అసలు మరవొద్దు.

3. గుడ్డ వాడేవాళ్లు నామోషీ పడొద్దు. నూలుదే వాడండి. ముందు చన్నీళ్లలో నానబెట్టండి, వేడినీళ్లు పోస్తే మరక పట్టుకుంటుంది. తర్వాత సబ్బుతో ఉతికి, బాగా జాడించి, నేరుగా ఎండలో పూర్తిగా ఆరేయండి. వానాకాలమైతే ఇస్త్రీ పెట్టండి. ఆరాక పొడి సంచిలో దాచండి, స్నానాల గది మూలన కాదు. ఒకరి గుడ్డ ఒకరు వాడొద్దు. బిరుసెక్కిన గుడ్డను తీసేయండి.

4. టాంపన్ వాడితే నాలుగు నుంచి ఎనిమిది గంటలు, అంతకు మించొద్దు. అవసరానికి సరిపడే తక్కువ పీల్చేదే తీసుకోండి. పెట్టుకున్నప్పుడు ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, దద్దుర్లు, కళ్లు తిరగడం వస్తే వెంటనే తీసేసి ఆస్పత్రికి పోండి. కప్పు అయితే పన్నెండు గంటల లోపు తీసి, కడిగి పెట్టుకోవాలి. ప్రతి నెలా ముట్టుకు ముందూ తర్వాతా అయిదు నుంచి పది నిమిషాలు నీళ్లలో మరగబెట్టాలి. కాపర్ టీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి వాడాలి.

5. లోపల సబ్బు, డెటాల్, సెంటు ఏవీ పోయొద్దు. యోని తనను తాను శుభ్రం చేసుకుంటుంది. అక్కడ మనకు మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుంది, దాన్ని చంపితే చెడ్డది పెరుగుతుంది. బయట మామూలు నీళ్లు చాలు. వాసన ప్యాడ్లతో మంట వస్తే అవి మానండి.

6. దురద, చెడు వాసన, పచ్చగానో ఆకుపచ్చగానో అయ్యే తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి ఉంటే డాక్టర్‌కు చూపించండి. గంటకో ప్యాడ్ తడుస్తున్నా, వారం దాటి పోతున్నా రక్త పరీక్ష చేయించండి. అది ఒట్టి నీరసం కాదు, రక్తహీనత కావచ్చు.

ఆరో మాటను తేలిగ్గా తీసుకోవద్దు. తెల్లబట్ట అవుతోందని పోయిన ఎంతమంది కూలి ఆడవాళ్లు గర్భసంచి లేకుండా ఇంటికి వచ్చారో మన వాడల్లో లెక్కపెట్టండి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న 15–49 ఏళ్ల ఆడవాళ్లు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఇన్‌ఫెక్షన్ మందులతో తగ్గేది. దానికి గర్భసంచి తీయాలని ఎవరైనా అంటే ఇంకో డాక్టర్‌ను, వీలైతే ప్రభుత్వ ఆస్పత్రి డాక్టర్‌ను అడగకుండా ఒప్పుకోవద్దు.

*

చివరగా, ప్యాడ్ తీశాక అది ఎక్కడికి పోతుంది?

వెనకటికి మైల బట్ట చాకలి ఆడమనిషి చేతికి పోయింది. ఇవాళ ప్యాడ్ పారిశుద్ధ్య కార్మికురాలి చేతికి పోతోంది. మరుగుదొడ్లో వేసిన ప్యాడ్ పైపులో ఉబ్బి అడ్డం పడితే, దాన్ని తీయడానికి పిలిచేది కూడా మన వాడ మనిషినే. కోలార్ బంగారు గనుల్లో పుట్టిన మన తెలుగు బిడ్డ బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్లు కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపింది ఆ చేతుల కోసమే. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు రెండు మాటలు చెప్పాయి. కంపెనీలు ప్యాడ్‌తో పాటు చుట్టి పారేసే కవర్ ఇవ్వాలి, వాడినవాళ్లు చుట్టి పొడి చెత్తలో వేయాలి అని అప్పట్లో అన్నాయి. కవర్ లేకపోతే పాత కాగితంలో గట్టిగా చుట్టి, పైన పెన్నుతో ఒక ఎర్ర గుర్తు పెట్టండి. తీసే చేయి జాగ్రత్తపడుతుంది. మరుగుదొడ్లో వేయొద్దు, వంకలో వేయొద్దు, పొయ్యిలో కాల్చొద్దు. అందులో ప్లాస్టిక్ ఉంది, ఆ పొగ మంచిది కాదు. ముట్టు మైల కాదని నమ్మేవాళ్లం, మన ముట్టును ఇంకొకరి చేతికి మైల చేసి ఇవ్వకూడదు.

ఆ పిల్ల సంగతి చెప్పి ముగిస్తాను. జాగ్రత్తలన్నీ విని, "ఇవన్నీ చేస్తా మేడం, నీళ్లెట్లా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మరుసటి రోజు పిల్లలంతా కలిసి ఒక అర్జీ రాశారు. నీళ్లు, గడియ, మూత ఉన్న చెత్తబుట్ట, చేతులకు సబ్బు. నాలుగే కోరికలు. నేనూ సంతకం పెట్టాను. గడియ మూడో రోజే బిగించారు. నీళ్ల కోసం ఇంకా తిరుగుతున్నాం.

మీ బడిలో, మీ అంగట్లో, మీ తోటలో కూడా ఈ నాలుగూ అడగండి. మీ దగ్గర ఏవి లేవో నాకు రాయండి. వచ్చే భాగంలో గర్భసంచి ఆపరేషన్ల సంగతి వివరంగా రాస్తాను.

జై భీమ్.